ఇన్‌స్పెక్టరమ్మ తినని హోటళ్ళు

మా అల్లుడి గొంతు సరిగ్గా పోకూడని రోజున పోయింది.

అతను బ్యాంకు ఉద్యోగం మానేసి, ఊరికి కొత్తగా వచ్చేవాళ్ళకి ఊరు చూపించే వ్యాపారం పెట్టాడు. దానికి ‘ఊరివాడి వెంట ఒక రోజు’ అని పేరు. ఊళ్ళోవాళ్ళు ఎక్కడ తింటారో అక్కడ తినిపించి, ఎక్కడ తిరుగుతారో అక్కడ తిప్పి, సాయంత్రానికి బస్సెక్కించడం. వినడానికి బాగానే ఉంది. బస్సులే రాలేదు. చివరికి ఒక పెద్ద ట్రావెల్ కంపెనీ తమ మేనేజర్ని పంపిస్తామంది. ఆవిడ ఒక పూట తిరిగి చూసి సరేనంటే ఏడాది పొడుగునా బస్సులు పంపుతారు. కాదంటే అల్లుడు మళ్ళీ ఆ బ్యాంకుకే వెళ్ళి, ఎవరికి చెప్పి మానేశాడో ఆయన్నే ఉద్యోగం అడగాలి. మానేసేటప్పుడు ఆయనకి చెప్పిన మాటలు అంత మంచివి కావు.

మేనేజర్ వస్తుందని తెలిసిన దగ్గర్నుంచీ అల్లుడు అద్దం ముందు నిలబడి గట్టిగా సాధన చేశాడు. సాధన బాగా కుదిరింది. గొంతు పోయింది.

“నాన్నా, నువ్వే వెళ్ళాలి” అంది మా అమ్మాయి ఫోన్లో.

“వెళ్ళి ఏం చెప్పను?”

“నీకిష్టమైన హోటళ్ళు చూపించు, నీకిష్టమైన వీధులు చూపించు. అంతే. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉన్నావుగా.”

ఫోన్లో వెనకనుంచి గాలి వీచినట్టు ఏదో చప్పుడైంది.

“ఏమంటున్నాడు?”

“మామయ్యగారిని కాస్త నవ్వుతూ మాట్లాడమను, అంటున్నారు.”

ప్రయత్నిస్తానన్నాను.

అమ్మాయి మరిచిపోయిందో, గుర్తుండీ ఊరుకుందో గానీ, ఇందులో ఒక చిక్కుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఊళ్ళో నేను ఏ హోటల్లోనూ తినలేదు.

మా ఆవిడ మున్సిపాలిటీలో ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసేది. ఊరంతా ఆమెని ఇన్‌స్పెక్టరమ్మ అనేవాళ్ళు. నేను నీటి సరఫరా ఆఫీసులో పైపులైన్ల మ్యాపులు గీసేవాణ్ణి. నన్ను ఇన్‌స్పెక్టరమ్మగారి ఆయన అనేవాళ్ళు. తనిఖీ చేసిన చోట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఆమె నియమం. తనొక్కతే కాదు, ఇంట్లోవాళ్ళు కూడా ముట్టకూడదు. పెళ్ళయిన కొత్తలో ఆమెకి నాలుగు వీధులే అప్పగించారు. ఐదో వీధికి వెళ్ళి తిందాంలే అనుకున్నాం. పని బాగా చేస్తోందని ఐదో వీధి కూడా ఆమెకే ఇచ్చారు. అలా ఆమెకి మంచి పేరు వస్తున్నకొద్దీ మేము తినగలిగే ఊరు తరిగిపోయి, చివరికి రైల్వే ప్లాట్‌ఫారం మీది టీ బండి ఒక్కటీ మిగిలింది. అది మున్సిపాలిటీ కిందికి రాదు. పెళ్ళిరోజుకి అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఎక్కడికీ వెళ్ళని రైలు ప్రయాణికుల్లా బల్ల మీద కూర్చుని టీ తాగి వచ్చేవాళ్ళం.

అలాగని హోటళ్ళు నాకు తెలియవని కాదు. ఎవరి గచ్చు ఆరి ఉంటుంది, ఎవరి మూతలు సరిగ్గా పడతాయి, ఎవరు చల్లారిన నూనెని మళ్ళీ పొయ్యెక్కిస్తారు, ఇవన్నీ ఆమె భోజనాల దగ్గర చెప్పేది. ఎక్కడైనా మురుగు నిలిచిందంటే పైపుల సంగతి చూడమని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. ఎప్పుడు వెళ్ళినా వెనక గుమ్మంలోంచే. “రిటైరయ్యాక వరసపెట్టి అన్నిచోట్లా తిందామండీ” అనేది. రిటైరవకముందే వెళ్ళిపోయింది. ఆమె లేకుండా ఆ వరస మొదలుపెట్టడం నాకు చేతకాలేదు. నియమం మాత్రం, మనిషి పోయాక కళ్ళజోడు మిగిలినట్టు, ఇంట్లో మిగిలిపోయింది.

మేనేజర్ బస్టాండులో దిగింది. నలభై దాటిన మనిషి. భుజాన పెద్ద సంచీ. ముఖంలో ఆశలేమీ లేవు.

“మీరేనా గైడు?”

“గైడుకి మామగారినండి.”

“మరి గైడు?”

“గొంతు పోయిందండి.”

“మంచిది” అంది ఆవిడ. “నిన్నటి ఊళ్ళో గైడు గొంతు చాలా బాగుంది.”

నడవడం మొదలుపెట్టాం. నాలుగడుగులు వేశాక ఆవిడ ఆగింది.

“ముందే ఒక మాట చెప్తాను సార్. ఈమధ్య మా బస్సొకటి ఒక ఊళ్ళో భోజనానికి ఆగింది. బస్సు బస్సంతా ఆస్పత్రిలో పడింది. నేను కూడా పడ్డాను. మళ్ళీ అలాంటిది జరిగితే నా ఉద్యోగం ఉండదు. కోటలూ గడియార స్తంభాలూ నాకొద్దు. మీకు అన్నిటికన్నా ఇష్టమైన తిండి చోటు చూపించండి.”

నవ్వాలని గుర్తొచ్చి నవ్వాను. ఏమైందన్నట్టు చూసింది. మానేశాను.

ముందు రొట్టెల దుకాణానికి తీసుకెళ్ళాను. సందులోకి తిరగ్గానే ఆవిడ అంది, “గుమ్మం అటుందిగా?”

“ఉందండి. దాని గురించి నాకంతగా తెలియదు.”

రొట్టెలవాడు నన్ను చూడగానే పిండి కలపడం ఆపి, రెండు చేతులూ చాపి గోళ్ళు చూపించాడు. తర్వాత సిగ్గుపడ్డాడు. “చేతులు వాటంతటవే లేచాయి బాబుగారూ. అలవాటు.”

“గోళ్ళు బాగున్నాయి” అన్నాను. చాలా సంతోషించాడు.

నాకు తెలిసిన ఊరు నేను చూపించాను. గచ్చు వాలుగా ఉందనీ, ఎన్ని నీళ్ళు పోసినా చుక్క నిలవదనీ చెప్పాను. బస్తాలు గోడకి ఆనకుండా చెక్కల మీద పెట్టడం, కిటికీలకి జాలీ బిగించడం, చేతులు కడిగే కుళాయి గిన్నెలు కడిగే కుళాయికి దూరంగా ఉండటం చూపించాను. మేనేజర్ వంగి బల్లకింద చూసింది.

“ఎలకలు?”

“ఒకసారి ఒకటి వచ్చిందండి. ఇన్‌స్పెక్టరమ్మ చూసింది.”

“ఏమైంది?”

“ఎలక సంగతి తెలియదు. దుకాణం నెల్లాళ్ళు మూయించింది.”

“ఆ నెల్లాళ్ళూ నా ముఖం ఎలా ఉందో మా ఆవిణ్ణి అడగాలి” అన్నాడు రొట్టెలవాడు గర్వంగా.

అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె తుంచి ఇచ్చాడు. ఆవిడ తింది. ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. ఇంకో ముక్క తుంచి నాకు అందించబోయింది.

“నేను తిననండి.”

“ఉపవాసమా?”

“కాదండి.”

“ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది.”

ఆవిడ చేతిలోని రొట్టెని మెల్లగా బల్లమీద పెట్టేసింది. రొట్టెలవాడు నా వంక చూడలేదు.

బయటికి వచ్చాక తిరిగే చోట్లు చూపించాను. పంపుహౌసు వెనకున్న మెట్ల కిందినుంచి పెద్ద పైపులైను వెళ్తుంది. ఎంత ఎండలోనైనా ఆ రాళ్ళు చల్లగా ఉంటాయి. ఆ లైను మ్యాపు గీసింది నేనే. కానీ మెట్ల చల్లదనం నాకన్నా ముందు ఒక కుక్క కనిపెట్టింది. అది పడుకుని ఉంది. మేనేజర్ దాని పక్కన కూర్చుని చెప్పులు విప్పి పాదాలు రాతికి ఆనించింది.

“దీనికి టికెట్టు పెడతారా?”

“కుక్కని అడగాలండి.”

ఆవిడ నవ్వలేదు. చెప్పులు మాత్రం చాలాసేపు వేసుకోలేదు.

తర్వాత దర్జీల సందు. అక్కడ చూడటానికేం లేదు. భోజనాల వేళ మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. అప్పటిదాకా వినపడని పిచ్చుకలు వినపడతాయి. మా ఆవిడ పోయాక కొన్నాళ్ళు నాకు ఇంట్లో నిశ్శబ్దం పడేది కాదు. ఇక్కడి నిశ్శబ్దం పడేది. ఎందుకో తెలియదు. మేనేజర్‌కి అదంతా చెప్పలేదు. ఇక్కడ కాసేపు నిలబడితే చాలు అన్నాను. మిషన్లు ఆగాయి. ఆవిడ తలెత్తి విని, “ఇది బాగుంది సార్” అంది. అల్లుడి బస్సులు రావచ్చునని నాకు మొదటిసారి అనిపించింది.

ఆ ధైర్యంతోనే పెద్దక్క హోటలుకి తీసుకెళ్ళాను. పెద్దక్క నాకన్నా చాలా చిన్నది. అయినా ఊరందరికీ పెద్దక్కే. వేయించిన చేపలు, అన్నం, అంతే ఆమె హోటలు. మా ఆవిడ లెక్కలో ఊరికంతటికీ ఇదే మొదటి వంటిల్లు. వెనక గుమ్మంలోంచి దిగగానే పెద్దక్క గరిటె పైకెత్తింది.

“రండి అన్నయ్యగారూ! ఇవాళ ఏ పైపు కారుతోందని వచ్చారు?”

“ఏదీ కారట్లేదమ్మా. ఈవిడ భోజనానికొచ్చారు.”

మేనేజర్ వంటింటిని ఆ మూలనుంచి ఈ మూలదాకా చూసింది. మూతలెత్తి చూసింది. వేలితో అలమార అంచు రాసి వేలు చూసుకుంది. వేలు శుభ్రంగా ఉంది. పెద్దక్క రెండు పళ్ళేలు తీసింది.

“ఒకటి చాలమ్మా” అన్నాను.

మేనేజర్ నావైపు తిరిగింది. “సార్, సూటిగా అడుగుతాను. రొట్టె తినలేదు. ఇదీ తినట్లేదు. లోపల ఏం జరుగుతుందో ఈ ఊళ్ళో అందరికన్నా మీకే ఎక్కువ తెలిసినట్టుంది. మీరు తినని చోట మా వాళ్ళని తినమని నేనెలా చెప్పను?”

“అదీ, అలా గట్టిగా అడగండమ్మా!” అంది పెద్దక్క. గరిటె ఇప్పుడు నావైపు తిరిగింది. “ఇన్‌స్పెక్టరమ్మ ఉన్నన్నాళ్ళూ నియమం అన్నారు, సరే అన్నాం. ఆ మహాతల్లి పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు మీరు నా దగ్గర తింటే ఎవరు పట్టుకుంటారు? నాకేం సర్టిఫికెట్టు రాసిస్తారు మీరు? రోజూ ఈ వీధిలోనే పోతారు. గుమ్మం దగ్గర ఆగి వాసన చూస్తారు, వెళ్ళిపోతారు!”

“వాసన బాగుంటుందమ్మా.”

“బాగుంటే లోపలికి రావాలి! అవతలి హోటలువాడు ఏమంటున్నాడో తెలుసా? ‘చూశావా పెద్దక్కా, లోపలి సంగతి తెలిసినాయన నీ గుమ్మం తొక్కడు’ అని అందరి ముందూ పళ్ళికిలిస్తాడు.”

“వాడి దగ్గరా తిననుగా.”

“వాడి గుమ్మం దగ్గర ఆగరుగా! ఆగి మరీ వెళ్ళిపోయేది నా దగ్గరే.”

ఇది నాకెప్పుడూ తోచలేదు. నేను మా ఆవిడ మాట నిలబెడుతున్నాననుకున్నాను. వీధి మాత్రం ఇంకోలా అర్థం చేసుకుంది.

మేనేజర్ సంచీ భుజానికెత్తుకుంది. ఇంటి దగ్గర అల్లుడు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ ఫోన్ పక్కన కూర్చుని ఉంటాడు. మా ఆవిడ బతికుంటే ఏమనేదా అని ఆలోచించాను. తిండి పెట్టి సర్టిఫికెట్టు తెచ్చుకున్నారని ఎవరూ అనకుండా, హోటలువాళ్ళ పరువు కాపాడటానికి ఆమె ఆ నియమం పెట్టుకుంది. తీయడానికి కాదు.

“రెండో పళ్ళెం కూడా పెట్టమ్మా” అన్నాను.

పెద్దక్క నన్ను ముందు గదిలోకి నడిపించి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టింది. వీధిలోకి బాగా కనిపించే చోటు. ఆ గదిని నేను అంతకుముందు చూడలేదు. నేల కింద పైపు ఎటు వెళ్తుందో తెలుసు గానీ, గోడలకి నీలం రంగు వేశారని తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లేచి, గ్లాసు కడుక్కోబోయాను.

“కూర్చోండి అన్నయ్యగారూ. ఇక్కడ మేము కడుగుతాం.”

పళ్ళెం వచ్చింది. మేనేజర్ తన పళ్ళెం ముట్టకుండా నన్నే చూస్తోంది. వంటింటి గుమ్మంలో పెద్దక్క. చేపముక్క తుంచి అన్నంలో కలిపి నోట్లో పెట్టుకున్నాను.

“ఎలా ఉంది?” ఇద్దరూ ఒకేసారి అడిగారు.

నవ్వుతూ మాట్లాడమన్నాడు అల్లుడు. బాగుంది అంటే పని అయిపోతుంది. కానీ ఆ వంటింట్లో మా ఆవిడ ఎన్నడూ లేని మాట చెప్పలేదు.

“ఉప్పెక్కువైంది” అన్నాను.

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు.

“ఇన్నేళ్ళకి తిని, అనే మాట ఇదా!” అంది పెద్దక్క.

“చేప చాలా బాగుందమ్మా. ఉప్పే ఎక్కువ.”

“ఆవిడ గచ్చు బాగాలేదంది, తవ్వించి మళ్ళీ వేయించాను. మూతలు బాగాలేవంది, మార్చాను. ఉప్పు గురించి మాత్రం ఎవరన్నా పడను!” అంటూ లోపలికెళ్ళి మూకుడులోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. “చెయ్యి జారినట్టుంది” అన్న గొంతు వచ్చింది. అది పెద్దక్క గొంతులా లేదు.

మేనేజర్ కూడా తింది. “ఎక్కువే” అంది. అని, మొత్తం తినేసింది. చేతులు కడుక్కుని వచ్చి చెప్పింది. “బస్సులు పంపుతాను సార్. మీరు చూపించినట్టే వంటింట్లోంచి తీసుకెళ్ళాలి. మా వాళ్ళకన్నా ముందు గైడు తినాలి.”

“గైడు మా అల్లుడండి. అతను ఎక్కడైనా తింటాడు.”

“అలాంటివాళ్ళని చాలామందిని చూశాను. అతను మాట్లాడొచ్చు. తినడానికి మీరు రండి.”

ఫోన్ చేశాను. అమ్మాయి ఎత్తింది.

“బస్సులు పంపుతారటమ్మా.”

ఫోన్లో పెద్ద గాలి వీచింది.

“ఏమంటున్నాడు?”

“ఏమీ అనట్లేదు నాన్నా. గంతులేస్తున్నారు.” కాస్త ఆగి అడిగింది. “నువ్వు ఏమైనా తిన్నావా?”

“తింటున్నాను” అన్నాను.

“సరే, తిను. మళ్ళీ చేస్తా” అని పెట్టేసింది.

మేనేజర్ బస్సు వేళయిందని వెళ్ళిపోయింది. నేను లేవలేదు. అవతలి హోటలువాడు ఏదో పనున్నట్టు మా కిటికీ ముందునుంచి ఒకసారి అటు వెళ్ళాడు, ఒకసారి ఇటు వచ్చాడు. పెద్దక్క అతన్ని చూడనట్టే చూస్తూ, కొత్తగా వేయించిన చేప నా పళ్ళెంలో వేసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఇప్పుడు చెప్పండి.”

“నమలనీయమ్మా.”

ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.