శనివారం ఆమె వంతు

బాగేపల్లిలో మాది బెల్లం, వేరుశనగ అంగడి. పొద్దున అక్కడ కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేస్తాను.

పెళ్ళై ఆరేళ్ళు, పిల్లలు లేరు. అందుకని నా భార్య శశికళ ప్రతి శనివారం వెంకటరమణస్వామికి ఉపవాసం ఉంటుంది. నైవేద్యం పెట్టిన పొంగలి, బెల్లం పూర్ణం నింపిన ఓళిగలు తాను ముట్టదు. ఆమె వంతు కూడా నేనే తినాలి. అది మగడి కడుపులో పడితేనే ఫలమని మా ఇంటి ఆనవాయితీ. నేనూ నమ్మే తిన్నాను.

శశికళ పరీక్షల్లో ఏ లోపమూ లేదని తేలాక డాక్టరు నన్ను రమ్మన్నాడు. బేరం పని అని ఇంట్లో చెప్పి, గురువారం ఒక్కణ్ణే చిక్కబళ్ళాపురం వెళ్ళాను. డాక్టరు శ్రీనివాసమూర్తి రక్తపరీక్ష చేయించి నా రిపోర్టు చూశాడు, తర్వాత నా పొట్ట చూశాడు.

“టెస్టోస్టెరాన్ అని మగవాళ్ళ హార్మోను, అది తక్కువుండాదప్పా. పొట్టలో కొవ్వు ఊరికే కూర్చోదు. ఆ మగ హార్మోన్ని ఆడవాళ్ళ హార్మోనుగా మారుస్తాది. కొవ్వులోంచే లెప్టిన్ అని ఇంకొకటి పుడతాది. కడుపు నిండిందని మెదడుకు చెప్పేది అదే. మితిమీరితే మెదడు దాని మాట వినదు, బీజాల్లో వీర్యం తయారయ్యే పనీ మందగిస్తాది.”

“అయితే ఆ మగ హార్మోన్నే సూదేసి ఇచ్చేయండి సార్.”

“బయట్నుంచి ఇస్తే ఒళ్ళు తన పని మానుకుంటాది. బిడ్డ కావాలనుకునేవాడికి అది వద్దు. బరువు తగ్గితే చానామందికి ఆ హార్మోను తనంతట తానే మళ్ళా పెరుగుతాది. ముందు తిండి తగ్గించు.”

ఇంట్లో చెప్పలేకపోయాను. రెండు శనివారాలు గడిచాయి. రెండుసార్లూ ఆమె వంతు తిన్నాను.

మూడో శనివారం శశికళ కళ్ళు తిరిగి, పూజగది తలుపు పట్టుకుని నిలబడింది. మా అమ్మ మునివెంకటమ్మ నా ఆకులో ఓళిగలు వేస్తూ అంది: “వచ్చే వారం నుంచి సోమవారమూ ఉండమ్మా. నీలో ఇంగా ఏం లోపముండాదో.”

“లోపం నాదేమ్మా,” అన్నాను. డాక్టరు మాటలన్నీ చెప్పాను.

“మెల్లగా మాట్లాడరా, పక్కింటోళ్ళు వింటారు. మగోడు తినేది కూడా తప్పైపోయిందా? మరి ఇన్నాళ్ళ వ్రతం?”

“కళ్ళు తిరిగి పడేదాకా ఉండమని స్వామి అడిగినాడా అమ్మా? తెలీకనే అడుగుతాండాను.”

అమ్మ ఇంకో ఆకు తెచ్చి పరిచి, “కూచోమ్మా,” అంది.

శశికళ కూర్చోలేదు. “డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోయొస్తిరి?”

“పదహారు రోజులైంది.”

“అయితే పోయిన రెండు శనివారాలూ తెలిసే తింటిరా?”

తల ఊపాను. దేవుడి ముందు తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటే. ఆమె ముందు ఒప్పుకోవడం అంత సులువు కాలేదు.

చాలాసేపటికి ఆమె కూర్చుంది. నా వైపు చూడకుండానే ఓళిగ తుంచింది. నేను నా ఆకు ముందు నుంచి లేచి, ఆమెకు నెయ్యి వడ్డించాను.