వరసలో పాసింగ్ చెప్పులు

అడుగు అట్టకి జిగురు రాశాక అది ఆరేదాకా ఊరికే కూర్చోకూడదు. జోవీ చేతికి ఆ సంగతి తెలుసు. ఎడమ చేతిలో అట్ట, కుడి చేతిలో పొట్టి కుంచె. అంచు నుంచి లోపలికి రాసుకుంటూ రావాలి, మడమ దగ్గర కాస్త దట్టంగా. పన్నెండు జతలు బల్ల మీద పరిచి లేచి, పాసింగ్ అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ తొక్కుడు పలక మీద కుడి పాదం పెట్టే చోట ఇనుము నున్నగా అరిగిపోయింది. ఎంత సర్దుకున్నా జోవీ పాదం ఆ అరుగుదలలో ఇమడదు.

చెప్పుల షెడ్డు యజమాని డోమింగ్ మామ కాఫీ కప్పుతో వచ్చి, కుట్టిన పట్టీ ఒకటి వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"పాసింగ్ కుట్లు ఈమధ్య వంకర పోతున్నాయేమే?"

జోవీ తల ఎత్తలేదు. "ఒంట్లో బాగోలేదు కదా మామా."

"అవున్లే. ఆసుపత్రి మంచం మీద నుంచి ఇంత దూరం కుట్టడమంటే మాటలా." పట్టీని మంచివాటిలోనే పడేశాడు. "నీ చెప్పులేమో మునిసిపాలిటీ దగ్గర లైనులో నిలబడ్డాయి, నువ్వేమో ఇక్కడ కూర్చున్నావు. ఇవాళ్టి కూలి ఎవరికిమ్మంటావు, నీకా, వాటికా?"

"అవి నావి కావు మామా. అక్కవి."

ఆయన కాఫీ తాగుతూ వెళ్లిపోయాడు.

నాలుగు నెలలుగా ఇంతే. రొమ్ములో గడ్డ సంగతి పాసింగ్ ఏడాది దాచింది. తిరునాళ్ల ఆర్డర్లు అయ్యాక చూపించుకుంటానంది. అవి అయ్యేసరికి చెయ్యి పైకి లేవడం మానేసింది. అప్పటినుంచి జోవీ తన అట్టల పని చేసుకుని, పాసింగ్ పట్టీలు కూడా కుట్టి, ఆ కూలి పాసింగ్ మొగుడు ఆంబో చేతికి అందేలా చూస్తోంది. ఇది అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఎనిమిదింటికి చేతుల జిగురు గీక్కుని మునిసిపాలిటీ ఆఫీసుకి నడిచింది. దారిలో పక్కింట్లో తొంగి చూసింది. తన రెండేళ్ల కూతురు టిన్‌టిన్ గచ్చు మీద కూర్చుని పాన్ డె సాల్ రొట్టె నములుతోంది. పిల్ల రెండుసార్లు దగ్గింది. అది మామూలు దగ్గేనా? రొట్టె గొంతులో పడిందా? నిన్న కూడా దగ్గిందా? జోవీ గుమ్మంలో ఆగి మూడో దగ్గు కోసం కాసేపు చూసింది. రాలేదు.

ఆఫీసు పక్క రేకుల పందిరి కింద లైను చెప్పులతో మొదలవుతుంది. ఆసుపత్రి ఖర్చుకి సర్కారు పూచీ పడే సాయం కాగితం కావలసినవాళ్లు తెల్లవారకముందే వచ్చి, చెప్పులు వరసలో వదిలి, ఎవరి పనికి వాళ్లు పోతారు. కిటికీ తెరిచే వేళకి వచ్చి వాటిలో నిలబడతారు. చెప్పుల్ని దాటి ముందుకెళ్లడం ఆ ఊళ్లో ఎవరూ చెయ్యరు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన జోవీకి కాగితాల కంటే ఆ వరస చదవడమే తేలిక. ఈ జత మడమల బయటివైపు అరిగింది, బరువులు మోసే మనిషి. ఆ జత ముందు కొస నలిగింది, బనహావ్ కొండ ఎక్కి దిగేవాళ్లది. పాసింగ్ జతలో కుడిది బొటనవేలి కింద కాగితంలా పల్చబడింది. పాతికేళ్లు మిషను తొక్కిన కాలు. దాని పట్టీ పాసింగ్ కుట్టుకున్నదే, అడుగు జోవీ అతికించిందే.

వెనక నిలబడ్డ సేలా మామ్మ మొగుడికి రక్తం శుద్ధి చేయించే కాగితం కోసం వచ్చింది. జోవీ పాదాల వైపు వింతగా చూసింది.

"రెండు జతలేంటే అమ్మాయ్? ఒకటి కాళ్లకి, ఒకటి నేలకీనా?"

"పేషెంటువి మామ్మా. కాగితం ఆమె పేరున కదా, లైనులో కూడా ఆమెవే ఉండాలేమోనని..."

"ఓసి నీ దుంప తెగ! అయితే నేను మా ముసలాడి కట్టుడు పళ్లు పెట్టి వెళ్లాల్సింది!"

ముందున్నవాళ్లు కూడా నవ్వారు. జోవీ కూడా నవ్వింది గాని, తను చేసింది తప్పో కాదో ఇప్పటికీ తేలలేదు. ప్లాస్టిక్ కవరులో నాలుగు కాగితాలున్నాయి. పేదవాళ్లమని వాడ పెద్ద ఇచ్చినది, డాక్టరు రాసినది, ఆసుపత్రి వేసిన ఖర్చు అంచనా, పాసింగ్ సంతకం చేసినది. పోయినవారం డాక్టరు కాగితం మీది తేదీ పాతదన్నారు. అది కొత్తది రాయించుకొచ్చేసరికి వాడ పెద్ద ఇచ్చింది పాతబడింది. ఒకటి పుట్టేలోపు ఇంకొకటి ముసలిదైపోతోంది. పూచీ కాగితం ఇవాళ చేరితేనే రేపు పొద్దున మందు ఎక్కిస్తారు.

తొమ్మిదింటికి ఆంబో ఫోను నుంచి పాసింగ్ మాట్లాడింది. గొంతు దూరంగా ఉంది.

"నా చెప్పులు ఎత్తుకుపోయావంటగా దొంగమొహమా. నేనేం వేసుకుని ఇంటికి రానూ?"

"మధ్యాహ్నం తెస్తా అక్కా, కాగితంతో పాటు."

"పిల్ల తిందా?"

"తింది. దగ్గుతోంది."

"నువ్వు దానికంటే ఎక్కువ దగ్గుతావే. ఊరుకో." పాసింగ్ ఆగి, ఊపిరి కూడదీసుకుంది. "మిషనుకి నూనె వేస్తున్నావా?"

"వేస్తున్నా," అంది జోవీ. వెయ్యలేదు.

పద్నాలుగేళ్లప్పుడు ఆ షెడ్డుకి మొదటిసారి వచ్చినప్పుడు కుంచె పట్టించింది పాసింగే. జిగురు వాసనకి తల తిరిగితే అల్లం నీళ్లు తాగించింది. కాన్పప్పుడు పక్కన కూర్చుని, జోవీ కంటే గట్టిగా అరిచింది. నాలుగు రోజుల కిందట పాసింగ్ జోవీ ఇంట్లో రాత్రి అన్నం తింటూ ఊపిరాడక పడిపోతే, ఆంబో అలాగే ఎత్తుకుని ట్రైసికిల్ బండి ఎక్కించాడు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. భోజనం మధ్యలో ఎవరైనా బయల్దేరితే, మిగిలినవాళ్లు తమ కంచం ఒక చుట్టు తిప్పాలి, వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగొస్తారని. తను తిప్పిందా? టిన్‌టిన్ ఏడ్చింది, దీపం ఆరింది, గిన్నె ఒలికింది. అన్నీ గుర్తున్నాయి. కంచం మాత్రం గుర్తు లేదు.

పదకొండు దాటాక మళ్లీ ఫోను మోగింది.

"చెప్పు బావా. ఇంకా తొమ్మిదిమందే ఉన్నారు ముందర."

"తొందరేం లేదులే," అన్నాడు ఆంబో.

"అదేంటి, రేపు పొద్దున్నే ఎక్కిస్తామన్నారు కదా?"

"నీళ్లడిగింది. గ్లాసు కడిగి తెచ్చేసరికి... వెళ్లిపోయింది జోవీ."

"తొమ్మిదిమందే బావా," అంది జోవీ మళ్లీ.

"బిల్లు కట్టేదాకా మనిషిని ఇవ్వం అంటున్నారు. ఎవర్ని అడగాలో తెలియట్లేదు. దాని నీలం గౌను నీ దగ్గరుందా? అది పట్టుకురా. చెప్పులు వద్దులే. తొడగరు కదా."

తొడగరు. పోయినవాళ్ల అడుగులు ఇంట్లో మళ్లీ వినపడకూడదని పాదాలు ఉత్తవే ఉంచుతారు. జోవీ ఫోను దించి కవరులోకి చూసింది. నాలుగు కాగితాలూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఏది పాతదో, ఏది కొత్తదో.

సేలా మామ్మ అడగకుండానే గ్రహించింది. నుదుటి నుంచి గుండె దాకా శిలువ గుర్తు వేసుకుంది.

"లైను వదలకమ్మాయ్."

"ఇంకెందుకు మామ్మా?"

"బిల్లు పోలేదు కదే. పూచీ కాగితం దానికీ కావాలి. కాకపోతే పోయిందని ఆసుపత్రి వాళ్లు రాసిచ్చింది కూడా తేవాలి. మా చెల్లెలప్పుడు అదే అడిగారు."

"మరి ఇవి పనికిరావా?"

"కొన్ని పనికొస్తాయి. ఏవో నాకూ తెలీదు."

"వంతు వచ్చేస్తే?"

"భోజనానికి ఎలాగూ మూస్తారు. అప్పటికీ నువ్వు రాకపోతే ఈ చెప్పుల్ని నా వెనక్కి పెడతా, ఆ వెనక్కి పెడతా. లైనులోంచి మాత్రం తియ్యను. వెళ్లు."

జోవీ కవరు రొమ్ముకి ఆనించుకుని రోడ్డు మీదికొచ్చింది. గౌను ఇంట్లో ఉందా, షెడ్డులో మిషను వెనక తగిలించి ఉందా? ముందు పిల్లని చూడాలా, ఆంబో దగ్గరికి పోవాలా? పాసింగ్‌ని అడిగితే చెప్పేది. ఆ ఆలోచన వచ్చాకే కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూసింది.

లైను ఒక మనిషంత ముందుకి కదిలింది. సేలా మామ్మ వంగలేక, కాలి వేళ్లతో ముందు ఎడమ చెప్పుని నెట్టింది, తర్వాత కుడిదాన్ని. బొటనవేలి కింద పల్చబడ్డ ఆ కుడి చెప్పు కాస్త వంకరగా వెళ్లి, ఎడమదాని పక్కన కిటికీ వైపు తిరిగి ఆగింది.