మా ఇంట్ల షత్రంజీ అంటరు

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే యమున కంప్యూటర్ పని అని ఊరుకునేది. వివరంగా చెప్పబోయిన ప్రతిసారీ ఎదుటి మనిషి చూపు ఆమె భుజం మీదుగా ఎటో వెళ్లిపోవడం ఆమెకు బాగా తెలుసు. మున్సిపల్ ఆఫీసు మేడ మీద, పాత బీరువాల వెనక ఆమె బల్ల. చీపురు నుంచి వీధి దీపం దాకా ఆఫీసు కొనే ప్రతి వస్తువూ ముందు ఆమె చూసుకునే కంప్యూటర్‌లోకి ఎక్కాలి.

చిన్న కొనుగోలుకు కొటేషన్లు తెప్పించుకుంటే చాలు. అదే వస్తువు ఏడాదిలో ఒక హద్దు దాటితే టెండర్ పిలవాలి. హద్దు చూసేది కంప్యూటర్. దానికి పేర్లు తెలుసు గానీ వస్తువులు తెలియవు. ఒక గుమాస్తా చీపురు అని రాస్తే పక్కాయన పొరక అనేవాడు, మూడో ఆయన జాడు అనేవాడు. ఎవరి ఇంటి మాట వాళ్లది, అందులో మోసం లేదు. కానీ కంప్యూటర్ లెక్కలో అవి మూడు వస్తువులు, హద్దు ఎన్నటికీ దాటదు. యమున ఏడాదిపాటు కూర్చుని అలాంటి పేర్లన్నిటికీ చుట్టరికం కలిపింది. ఎవరు ఏ పేరుతో రాసినా అవన్నీ ఒకటేనని ఇప్పుడు కంప్యూటర్‌కు తెలుసు. ఇంత పని జరిగిందని ఆఫీసులో ఎవరూ గమనించలేదు, పాండురంగం తప్ప.

పాండురంగం కొనుగోళ్ల సెక్షన్ సూపరింటెండెంట్. నర్సంపేట దిక్కు రైతుల ఇంట్లో పుట్టినవాడు. ఈ కాంట్రాక్టు ఉద్యోగం యమునకు ఇప్పించింది ఆయనే. ఆమె ఆయనను కాకా అనేది, ఆయన బిడ్డా అనేవాడు. పొద్దు వాలే వేళ రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, కుర్చీ లాక్కుని, ఇది ఎట్ల తెలుసుకుంటది, అది ఎట్ల కలుపుతది అని అడిగేవాడు. మధ్యలో ఫోన్ మోగితే కట్టేసేవాడు. మరునాడు నిన్న ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు. అలా వినే మనిషి ముందు యమున మాటలు వాటంతటవే వచ్చేవి. ఇంట్లో తండ్రికి కూడా ఇంత చెప్పలేదు. తనలో ఇన్ని మాటలున్నాయని ఆమెకే తెలియదు.

ఒక సాయంత్రం కింద పరిచే దరీల ప్రస్తావన వచ్చింది. వార్డు హాళ్లన్నిటికీ, మహిళా సంఘాల మీటింగుల కోసం, కొత్తవి కొనాలని అప్పుడే అనుకుంటున్నారు. దరీ అన్నా జంపఖానా అన్నా ఒకటేనని కంప్యూటర్‌కు నేర్పానని యమున చెప్పింది. మరి నేసేటోళ్లు ఏమంటరని ఆయన అడిగాడు. యమునకు నవ్వొచ్చింది.

"మా ఇంట్ల షత్రంజీ అంటరు కాకా. మా నాయనమ్మ నోట్లె ఎప్పుడు గదే మాట."

"మంచిగున్నది మాట," అన్నాడాయన, రుచి చూస్తున్నట్టు మెల్లగా పలికి. "దీనికి ఎరికేనా మరి?"

"లేదు. కాయిదాల మీద ఎవలు రాస్తరు గది?"

ఆ రాత్రి తండ్రికి శుభవార్త చెప్పింది. సారయ్య కాశిబుగ్గలో దరీలు నేస్తాడు. ఆయన ఉన్న నేతగాళ్ల సొసైటీలో మగ్గాలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. ఇన్ని హాళ్లకు కొంటే హద్దు దాటక తప్పదు. దాటితే టెండర్ తప్పదు. టెండర్ పడితే సొసైటీ కూడా పోటీకి రావచ్చు. ఇందులో తన పక్షపాతం ఏమీ లేదని, కంప్యూటరే ఆపుతుందని ఆమె వివరించింది. సారయ్యకు అదంతా అర్థం కాకపోయినా బిడ్డ మాట మీద నమ్మకంతో నూలు అరువు తెచ్చి మగ్గానికి పడుగు ఎక్కించాడు. ఆయనను చూసి మిగతావాళ్లూ ఎక్కించారు.

వానలు మొదలయ్యాక ఒక వార్డు హాల్లో సంఘాల వాళ్లకు ఫోన్‌లో లెక్కలు రాసుకోవడం నేర్పడానికి యమునను పంపారు. హాలు నిండా కొత్త దరీలు పరిచి ఉన్నాయి. కింద కూర్చోగానే ఆమె అరచెయ్యి ముందు గ్రహించింది. జారుడుగా ఉంది, ప్లాస్టిక్ దారం. అంచు తిప్పి చూసింది. చేతి మగ్గం మీద నేసినదానికి రెండు వైపులా ఒకటే ముఖం ఉంటుంది. దీనికి వెనక వైపు వేరుగా, వెలిసిపోయినట్టు ఉంది. ఆ వెనక వైపున నల్ల సిరాతో పెద్ద అక్షరాలు: షత్రంజీ.

ఆ మాట చూసిన మొదటి క్షణం యమునకు సంతోషం వేసింది. ఊరికి పోయిన మనిషి ఎక్కడో బస్టాండులో తన ఇంటి మనిషిని చూసినట్టు. ఆ సంతోషం ముఖం మీద ఇంకా ఉండగానే, ఈ మాట తాను ఎవరికి చెప్పిందో గుర్తొచ్చింది.

హాలు చూసుకునే మొగిలయ్యను ఇవెప్పుడు వచ్చాయని అడిగింది.

"మొన్ననే మేడం. పాండురంగం సారే దగ్గరుండి దింపించిండు. షత్రంజీ అని రాయుమంటే రాసిన. మాకైతే జంపఖానాలే."

తిరిగి వచ్చి తెర ముందు కూర్చుంది. చూడకముందే తెలిసినది చూడడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. దరీ పేరుతో హద్దుకు కాస్త ఇవతల దాకా కొన్నారు. అక్కడి నుంచి షత్రంజీ పేరుతో కొన్నారు. కంప్యూటర్‌కు అది ఏదో పరాయి వస్తువు, ఆపలేదు. మిగిలిన హాళ్ల కోసం ఇంకో కొనుగోలు సిద్ధంగా ఉంది, మరునాడు సంతకానికి పోతుంది.

ఆమె కిందికి వెళ్లింది. పాండురంగం టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. ఆమెను చూడగానే మూతలో కొంచెం పప్పన్నం తీసి ఇటు జరిపాడు.

"షత్రంజీ అని రాసింది నువ్వేనా కాకా?"

"నేనే." ఆయన దాచలేదు. "నువ్వే చెప్తివి గద బిడ్డా, మీ ఇంట్ల గట్లంటరని."

"మా బాపు మగ్గం ఎక్కించుకుని కూసున్నడు. టెండర్ వస్తదని."

సొసైటీ వాళ్లు టైముకు ఇవ్వలేరని, మీటింగులు ఆగవని, పైనుంచి ఫలానా కంపెనీ అని చెప్పాక తన చేతిలో ఏముంటుందని ఆయన ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. గొంతులో ఎప్పటి ఆప్యాయతే ఉంది. అది కొంచెమైనా మారి ఉంటే బాగుండునని యమునకు అనిపించింది.

"అబద్ధం ఒక్కటి రాసిన్నా నేను?" అన్నాడు చివరికి. "షత్రంజీని షత్రంజీ అనే రాసిన. నువ్వు ఫికర్ జెయ్యకు. నీ రెన్యువల్ కాయిదం నేనే పెడుతాన."

యమున ఆ మూతలోని అన్నం వైపు చూస్తూ అడిగింది. "రోజు చాయ్ తెచ్చింది గిందుకేనా?"

పాండురంగం నమలడం ఆపాడు.

"ఊకెనే వచ్చేటోన్ని బిడ్డా. నువ్వు చెప్తాంటె మంచిగనిపించేది. తర్వాత పనికొచ్చింది, గంతే."

అది నిజమేనని ఆమెకు తెలిసిపోయింది. అదే భరించలేకపోయింది. మొదటి నుంచీ పన్నాగమైతే ఆ సాయంత్రాలన్నిటినీ ఒక్క ఊపుతో పారేసి ఉండేది. ఇప్పుడు ఏ రోజు చాయ్ ఏదో, ఏ ప్రశ్న దగ్గర ఆయన చెవులు వేరే విధంగా నిక్కాయో ఒక్కొక్కటే తీసి చూడాలి. ఆమె మెట్లెక్కుతూనే ఆ పని మొదలుపెట్టింది. మంచిగున్నది మాట, అన్నాడు. అప్పటికే ఆలోచన వచ్చిందా? లేక మాట నిజంగానే బాగుందా? రెండూ ఒకేసారి ఒక మనిషిలో ఉండగలవని ఆమె చదువుకుంది. అది తన మీదికే రావడం ఇదే మొదలు.

పైన తన బల్ల ముందు కూర్చుంది. రెన్యువల్ గుర్తొచ్చింది. ఈ జీతం మీదే ఇల్లు నడుస్తున్న సంగతీ గుర్తొచ్చింది. వాటికంటే చిన్న సంకోచం ఒకటి ఎక్కువగా బాధపెట్టింది. నాయనమ్మ మాటను ఈసారి ఈ యంత్రంలోకి తానే నెట్టాలి. దరీ, జంపఖానా పక్కన షత్రంజీ అని కొట్టింది. మీట నొక్కింది. మూడూ కలిసిపోయాయి. మరునాటి కొనుగోలు ఎర్రబడి ఆగింది. టెండర్ పిలవాలి అన్న వాక్యం కింద మార్పు చేసినవారు అని ఆమె పేరు పడింది. సంతకం పెట్టాల్సిన కమిషనర్‌కూ పాండురంగానికీ ఆ సమాచారం దానంతటదే వెళ్లింది.

చాయ్ వేళ దాటిపోయింది.

ఇంటికి వెళ్లేసరికి సారయ్య గుంట మగ్గంలో కాళ్లు దింపుకుని పోగులు సరిచేస్తున్నాడు. యమున గడప మీద కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సగం పైన కొనేశారు. మిగిలినవాటికి టెండర్ పడుతుంది. అది సొసైటీకే వస్తుందని చెప్పలేను. చేసింది పాండురంగం.

సారయ్య చేతులు ఆగాయి.

"గాయన మంచోడు గదనే," అన్నాడు. కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. ఆయన ఆలోచన వేరే దిక్కు పోయింది. "నీ నౌకరికి ఏమన్న అయితదా?"

"తెల్వది బాపు."

ఆయన తల ఊపి మళ్లీ పోగులు అందుకున్నాడు. అరువు నూలు గురించి గానీ, తనను చూసి మగ్గాలు ఎక్కించినవాళ్ల గురించి గానీ ఒక్క మాట అనలేదు. కొంచెంసేపటికి, బిడ్డ ముఖం చూసి కావచ్చు, పని పక్కనపెట్టి ఇటు పూర్తిగా తిరిగాడు. ఎన్నడూ అడగని సంగతి అడిగాడు.

"అయితే మరి నీ మిషిన్ గంత పెద్ద మనిషిని ఎట్ల పట్టిందే? జర సమజయ్యేటట్టు చెప్పు."

ఆయన కళ్లు ఆమె ముఖం మీద కదలకుండా నిలిచాయి. నిజంగా వినే మనిషి చూపు అది. యమునకు నోటి దాకా వచ్చిన మాట అక్కడే నిలిచింది. ఎదురుగా ఉన్నది తండ్రి అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకోవలసి రావడం కూడా గమనించింది.

"ఏమో బాపు. గట్లనే పట్టింది," అని, కాళ్లు కడుక్కోవడానికి లేచింది.