అత్తయ్య చూడని ముఖం

మా అత్తయ్య పంతొమ్మిదేళ్లు ఒకే నాటకం విన్నారు. చూడలేదు.

ఆవిడ ప్రాంప్టరు. రంగస్థలం ఎడమపక్క తెర చాటున పొట్టి స్టూలు మీద కూర్చుని, నీలం కాగితం చుట్టిన టార్చి వెలుగులో పుస్తకం చూస్తూ నటులకు మాట అందించేవారు. వాక్యమంతా చెప్పకూడదు, మొదటి రెండు ముక్కలే చెప్పాలి. అదీ నటుడు తడబడక ముందే చెప్పాలి. తల ఎత్తితే వరస తప్పుతుంది. అందుకని ఆవిడకు నటులందరూ మడమల దాకానే తెలుసు. "ఆయన ఎంత గొప్ప నటుడనుకున్నావమ్మాయ్, మడమలు కూడా ఏడ్చేవి" అంటారు.

ఏడ్చే మడమలు మా మావయ్యవే. నాటకంలో న్యాయాధిపతి ఆయన. అది చాలా పాత విషాద నాటకం, ఎన్నో దేశాలు తిరిగి మన భాషలోకీ వచ్చింది. న్యాయాధిపతి ఎవరో దారినపోయే యువకుడనుకుని ఒకడికి మరణశిక్ష వేస్తాడు. శిక్ష అమలయ్యాక భార్య వచ్చి, పసితనంలో తప్పిపోయిన మన బిడ్డే వాడని చెబుతుంది. ఆయన మాట్లాడడు. రంగస్థలం అంచుకు నడిచి జనంవైపు తిరిగి నిలబడతాడు. పుస్తకంలో ఆ చోట "నిశ్శబ్దం. ఇరవై లెక్కపెట్టాలి" అని ఉంది. లెక్కపెట్టాల్సింది, ఇరవై కాగానే తర్వాతి మాట అందించాల్సింది ప్రాంప్టరే. ఒకటి, రెండు, మూడు అని అత్తయ్య వేళ్లు మడుస్తుంటే హాల్లోంచి వెక్కిళ్లు వినబడేవట.

"ఇంట్లో ఒకసారి చేసి చూపించమనలేకపోయారా?" అన్నాను ఓసారి.

"అడక్కుండా ఉంటానా? జనం లేకపోతే ఆ ముఖం రాదట ఆయనకి. నేను జనం కిందకి రానన్నమాట."

అందుకే మా వీధి పళ్ల డాక్టరుగారు, తమ ఫిల్మ్ క్లబ్బులో ఈ ఆదివారం పొద్దున అదే నాటకాన్ని పరదేశంవాళ్లు సినిమాగా తీసింది వేస్తున్నామని చెప్పగానే అత్తయ్య కళ్లు మెరిశాయి. "ఈ ఒక్కసారికి నోరు మూసుకుని, తల ఎత్తుకుని కూర్చుంటాను. ఎవరిదైతేనేం, ఆ ముఖం చూస్తాను."

"వాడెవడో నాకంటే బాగా చేస్తాడనా?" అన్నారు మావయ్య. రానన్నారు. మాకంటే ముందే తయారై గుమ్మంలో నిలబడ్డారు.

లైబ్రరీ మేడమీద హాలు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. నలభై మంది దాకా ఉన్నాం. అత్తయ్య తిన్నగా పోయి ముందు వరసలో, సరిగ్గా నడుమ కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ జన్మలో ఎప్పుడూ నడుమ కూర్చోలేదు.

సినిమా మొదలైంది. తెర అడుగున అక్షరాలు పడ్డాయి. కాసేపు అందరం కళ్లు చికిలించుకుని చూశాం. అక్షరాలైతే ఉన్నాయి గాని, అవి ఇంకో పరాయి భాషవి.

డాక్టరుగారు లైటు వేసి తల పట్టుకున్నారు. ఒక పన్నుకి బదులు ఇంకోటి పీకేసిన మనిషిలా ఉంది ఆయన వాలకం. చూపు మెల్లగా అత్తయ్య మీదికి తిరిగింది. "అమ్మా, మీకు నాటకమంతా కంఠతా వచ్చంటారు. మైకు పట్టుకుని మీరే గనక..."

అత్తయ్య ముఖంలో దీపం ఆరిపోయింది. అయినా లేచారు. ఆవిడ కళ్లు అప్పుడే ఎడమపక్కన స్టూలేమైనా ఉందా అని వెతుకుతున్నాయి. నాకు ప్రాణం చివుక్కుమంది.

"మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చదువుతా. పుస్తకమే ఉంటే బాగుండేది."

ఆవిడ చేతిసంచిలోంచి రెక్సిన్ అట్ట వేసిన పుస్తకం, నీలం కాగితం చుట్టిన టార్చి బయటికొచ్చాయి. మావయ్య నోరు తెరిచారు. "సినిమాకి కూడా తెచ్చావుటే!"

"ఏమో, ఎవరైనా మరిచిపోతేనో" అన్నారు అత్తయ్య.

నాటకం కాపలావాడి సణుగుడుతో మొదలవుతుంది. "ఈ చలిలో నన్ను నిలబెట్టి వాళ్లు దుప్పట్లో..." అని నేను గంభీరంగా అందుకున్నాను. తెరమీద పెళ్లికూతురు సిగ్గుపడుతోంది. హాలంతా గొల్లున నవ్వింది. సినిమావాళ్లు కాపలావాణ్ణి తీసేసి నాటకంలో లేని పెళ్లి పెట్టారని నాకేం తెలుసు! ముందు వరసలోంచి గుసగుస తేలివచ్చింది: "మూడో పేజీకి దూకు." దూకాను. తర్వాత బండి దారిలో పడింది. నేను తడబడబోయిన ప్రతిచోటా రెండే ముక్కలు వచ్చేవి, తడబాటుకు అరక్షణం ముందు. ఆవిడ కళ్లు మాత్రం తెరమీదే ఉన్నాయి.

మావయ్య వ్యాఖ్యానం మావయ్యది. "ఆ టోపీ ఏమిటి? వీడు తీర్పులు చెప్పేవాడా, ఉత్తరాలు పంచేవాడా?"

"ఉష్, వినబడనివ్వండి" అని వెనకనించి మందుల షాపాయన విసుక్కున్నాడు.

చివరి ఘట్టం వచ్చింది. భార్య వచ్చి చెప్పింది. నేను చదివాను. న్యాయాధిపతి మెల్లగా మావైపు తిరగబోతున్నాడు. ఊపిరి బిగబట్టి అత్తయ్యవైపు చూశాను.

ఆవిడ తల వంచుకుని ఉన్నారు. మోకాలి మీద వేళ్లు మడుచుకుంటున్నాయి. నాలుగు, అయిదు, ఆరు.

"అత్తయ్యా, తల ఎత్తండి!" అన్నాను. చేతిలో మైకు ఉన్న సంగతే మరిచాను. హాలు దద్దరిల్లింది. ఆవిడ ఉలిక్కిపడి తల ఎత్తేసరికి తెరమీద ముఖం లేదు. ఖాళీ కుర్చీ చూపిస్తున్నారు. నాలుక్కరుచుకుని మిగిలిన నాలుగు మాటలూ చదివి ముగించాను.

లైట్లు వెలిగాయి. "బాగుందమ్మా. కానీ చివర్లో ఆ అత్తయ్య ఎవరు? కనబడలేదే?" అన్నాడు మందుల షాపాయన.

అత్తయ్య నవ్వబోయి ఆగిపోయారు. "చూడలేదండీ" అన్నారు మావయ్యతో, గ్లాసు పగలగొట్టి వచ్చి ఒప్పుకుంటున్న పిల్లలా. "అలవాటు చొప్పున లెక్క పెట్టేశాను. ఆ ముఖం మళ్లీ పోయింది."

"డాక్టరుగారు మళ్లీ వేస్తారులే" అన్నారు మావయ్య.

"వేసినా అంతే. ఇరవై దగ్గరికొస్తే నా తల నా మాట వినదు."

నేను ఊరుకోలేకపోయాను. "మావయ్యా, జనం లేకపోతే రాదన్నారుగా. ఇదిగో జనం. లెక్క నేను పెడతాను. అత్తయ్యకి ఇవాళ పని లేదు."

"మోకాళ్లు సహకరించవమ్మాయ్."

"మడమలతో పని లేదులెండి, ముఖం చాలు" అన్నారు అత్తయ్య.

నవ్వులు లేచాయి. లేచిన జనం మళ్లీ కుర్చీల్లో కూర్చున్నారు. మావయ్య చెప్పులు విడిచి తెర ముందుకు వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. నేను భార్య మాట చదివాను: "వాడు మన బిడ్డ." ఆయన తిరిగారు. అంచుదాకా నాలుగు అడుగులు నడిచి ఆగారు.

ఏడుపేమీ లేదు ఆ ముఖంలో. దారి అడుగుదామని ఎవరి తలుపో తట్టి, తీరా తెరిచాక ఏం అడగాలో మరిచిపోయిన మనిషి ముఖం అది. మందుల షాపాయన ముక్కు చీదిన చప్పుడు వినబడింది. నేను లోపల లెక్కపెడుతున్నాను. పది. పదిహేను. అత్తయ్య గడ్డం కాస్త పైకే ఉంది. చేతులు రెండూ ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

ఇరవై అయింది. ఇరవై రెండు. ఇరవై అయిదు. పుస్తకం నా చేతిలోనే ఉంది గాని, ఆ మాట అందించాల్సింది నేను కాదనిపించింది.

మావయ్య పెదవి కదిలీ కదలకుండా ఎడమపక్కకు ఒరిగారు. అక్కడెవరూ లేరు. కళ్లు కంగారుగా నడుమ కుర్చీమీదికి వచ్చాయి.

"ఏమే," అన్నారు రహస్యంగా, నలభై మందికీ వినబడేలా, "మాట అందించవే!"

"ఉండండి," అన్నారు అత్తయ్య, "చూస్తున్నాను."