కెప్టెన్ పోయిండు

దోహాలో సెలవు శుక్రవారం, ఆరాధనా ఆ రోజే. ఆ శుక్రవారం పొద్దున మా అమ్మాయి పెర్సిస్‌కు బాప్తిస్మం. "డాడీ, నువ్వొచ్చి గట్టు మీద నిలబడకపోతే నేను తొట్టిలో దిగను" అని ముందే చెప్పింది. నీళ్ళంటే దానికి చిన్నప్పటినుంచీ భయం. డ్యూటీ దిగి నేరుగా మందిరానికి వస్తానని మాటిచ్చాను.

తెల్లవారేసరికి దుమ్ము లేచింది. మేం పనిచేసే మురుగునీటి పంపింగ్ స్టేషన్ దోహాకు దూరంగా, ఎడారిలో ఒంటరిగా ఉంటుంది. కిటికీలోంచి గేటు కూడా కనబడలేదు. నన్ను డ్యూటీ దింపాల్సిన తల్హా ఎక్కిన కంపెనీ బస్సు దారిలోనే ఆగిపోయింది. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, ఒకణ్ణి వదిలి ఇంకొకడు కదలొద్దన్నాడు. పంపుల బావిలో గ్యాస్ పట్టి ఒకడు పడిపోతే పైకి లాగడానికి రెండోవాడుండాలి. అందుకే ఆ రూలు.

నాతో డ్యూటీలో ఉన్నది గయాజ్. అతనిది తెలంగాణలోని నిర్మల్. నీ కారు బయటే ఉంది కదా, మెల్లగా నడుపుకుంటూ వెళ్ళమన్నాడు. తను బావి దగ్గరికి పోనని ఒట్టేశాడు. నేను కారు తాళాలు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాను. తలుపు సందుల్లో కుక్కిన తడిగుడ్డలు మట్టిరంగుకు తిరిగాయి.

గయాజ్ ఫోన్‌లో బ్రిటిష్ యుద్ధం సినిమా పెట్టాడు. ఎడారి మధ్య పాత కోట, అందులో కొద్దిమంది సిపాయిలు, చుట్టూ శత్రువులు. వాళ్ళకు సాయం రావాలి, రాదు.

"వాళ్ళ తల్హా గూడ బస్సుల్నే ఉన్నడన్నా" అన్నాడు గయాజ్.

నాకు నవ్వు రాలేదు. ఆ దొరల ఇంగ్లీషు నాకు సగం అందదు గానీ, కెప్టెన్ నచ్చాడు. బూట్లు విప్పకుండానే గోడకు ఆనుకుని కునుకు తీసే మనిషి.

మధ్యలో లేచి పంపుల రీడింగులు చూసొచ్చాను. వచ్చేసరికి సినిమాలో కెప్టెన్ లేడు.

"కెప్టెన్ ఏడయ్యా?"

"పోయిండు."

ఎప్పుడని అడిగాను.

"తెల్లారకముందు. ఎవ్వరికి చెప్పకుండ, సప్పుడు గాకుండ పోయిండు."

ఆఖరి ఊపిరిదాకా కాపలా కాశాడన్నమాట. నేనేమో ఇంత దుమ్ముకే పారిపోవాలని చూస్తున్నాను. సిగ్గేసి తాళాలు జేబులో వేసుకున్నాను. మా ఆవిడ జయకుమారికి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. ఆ మాట మీ అమ్మాయికి మీరే చెప్పుకోండి అంది.

ఇంతలో గయాజ్ ఫోన్‌లోకి చూస్తూ తిట్టడం మొదలుపెట్టాడు. "దొంగోడు, ఒంటెనెక్కి ఎట్ల పోతుండో సూడు."

వంగి చూశాను. కెప్టెనే.

"చచ్చిపోయాడన్నావుగా?"

"నేనెప్పుడన్న? పోయిండన్న." గయాజ్ కడుపు పట్టుకుని నవ్వాడు. "శవం ఒంటెనెక్కిందనుకున్నవా అన్నా?"

మా కోనసీమలో మనిషి పోయాడంటే మట్టి చేసి రావాల్సిందే. వాళ్ళ నిర్మల్‌లో పోయినవాడు సాయంత్రానికి ఇంటికొస్తాడు. అది తెలిసి కూడా ఆ పొద్దు నా బుర్రకు తట్టలేదు.

"ఇగ నువ్వు గూడ పో అన్నా" అన్నాడు గయాజ్. "నా తెలుగుల చెప్తున్న, మీ తెలుగుల కాదు."

ఈసారి నాకూ నవ్వొచ్చింది. తాళాలు మళ్ళీ తీశాను. కెప్టెన్ అంతటివాడే వెళ్ళిపోతే నన్ను ఆపేదెవరు? ఇక్కడే ఉండమన్నది సూపర్‌వైజరే గాని దేవుడు కాదు కదా. బిడ్డ బాప్తిస్మానికి తండ్రి వెళ్తే ఆయన తప్పు పడతాడా? తలుపుదాకా వెళ్ళి ఆగాను.

"మరి కోటలో మిగతావాళ్ళు?"

"ఉన్నరు గదా." గయాజ్ తలెత్తలేదు. "వాళ్ళేడికి పోతరు?"

అప్పుడే అలారం మోగింది. పంపుకు చెత్త అడ్డం పడితే మోగేదే. గయాజ్ తను వేసిన ఒట్టు మరిచిపోయి, అలవాటుగా లేచి నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు. ఆ బెల్టుకు కట్టే తాడు రెండో కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి. నేను తాళాలు బల్లమీద పెట్టేశాను.

గయాజ్ చెత్త తీసి పైకొచ్చేసరికి ఆరాధన మొదలైంది. నేను ఫోన్ చేస్తే జయకుమారి స్పీకర్‌లో పెట్టి తొట్టివైపు పట్టుకుంది. పాట ఆగింది. పాస్టరుగారు పెర్సిస్‌ను పేరు పెట్టి పిలిచారు. మళ్ళీ పిలిచారు. గయాజ్ సినిమా ఆపేశాడు.

"దిగమ్మా" అన్నాను.

"నువ్వు కనబడట్లేదు డాడీ."

"ఇక్కడ నాకూ ఏమీ కనబడట్లేదు తల్లీ, అంతా దుమ్మే. నేను వింటూనే ఉంటాను. నువ్వు దిగు."

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాను. తర్వాత నీళ్ళ చప్పుడైంది. అది మొదటి మెట్టో, ఆఖరి మెట్టో నాకు తెలియలేదు.