గుమ్మానికి చెప్పని చిరునామా

బడి ఏడాది ముగిసే వారంలో పిచ్చుక వాళ్ళమ్మకు కూర్చుని తినే తీరిక ఉండదు. ఆమె పనిచేసే యూనిఫాంల షాపులో వచ్చే ఏడాది ఆర్డర్లన్నీ అప్పుడే వచ్చిపడతాయి. ఇంట్లో లైబ్రరీ పుస్తకాలు వెతకాలి, ఊడిన అట్టలు అతికించాలి, అట్టపెట్టెతో అగ్నిపర్వతం చెయ్యాలి.

కిటికీ కూడా తెరిచి పెట్టాలి. పిల్లలు ఏడాది పొడుగునా బడిలో పోగొట్టుకున్నవన్నీ ఇంటిదారి పట్టేది ఆ వారమే. సాక్సులు గోడవారగా పాక్కుంటూ వస్తాయి. నీళ్ళ సీసాలు దొర్లుకుంటూ వస్తాయి. గొడుగులు రోడ్డు దాటేదాకా బస్సులు ఆగుతాయి, ఎవరూ హారన్ కొట్టరు. రబ్బర్లు మాత్రం రావు. అవి ఎక్కడికి పోతాయో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

పిచ్చుక పోగొట్టుకున్నది తన గొంతు.

మూడో తరగతి పిల్ల. నోరు మూసి ఎరగదని ఆ ముద్దుపేరు. ఏడాది మొదట్లో క్లాసులో పాఠం పైకి చదువుతూ ఒక మాట దగ్గర తడబడింది. అందరూ నవ్వారు. కూర్చుంది. సాయంత్రం ఇంటికొచ్చి నోరు తెరిస్తే ఏమీ రాలేదు. తల్లి సంచీ బోర్లించి చూసింది. మర్నాడు బడికెళ్ళి బెంచీల కింద, బీరువా వెనక వెతికింది. టీచరు కూడా వంగి వెతికి, "ఎక్కడికి పోతుందండీ, ఏడాది చివర వచ్చేస్తుందిలెండి" అని సర్దిచెప్పింది.

అప్పట్నుంచీ ఇంట్లో కుట్టుమిషను ఒక్కటే మాట్లాడేది. తల్లి మొదట్నుంచీ పొదుపరి, మాటల్లో కూడా.

ఇవాళ ఆఖరి రోజు. పైకి చదివే పరీక్ష ఇవాళే. చదవని పిల్లలు అదే క్లాసులో ఉండిపోతారు. ఆఖరి గంట కొట్టేదాకా ఆగుతానని టీచరు మాటిచ్చింది. ఈ వారంలో పిచ్చుక హెయిర్ బ్యాండు వచ్చింది, స్కేలు వచ్చింది. గొంతు రాలేదు.

షాపులో ఒక నిక్కరు అంచు విప్పుతూ ఉండగా తల్లికి తట్టింది. వచ్చినవన్నీ ఏడాది మధ్యలో కొత్తింటికి మారాక పోయినవే. అంతకుముందు పోయిన టిఫిన్ డబ్బా మూత రాలేదు, నీలం సాక్సు రాలేదు. ఆమె చేతిలో సూది ఆగిపోయింది. ఇల్లు మారిన రోజు పోస్టుమాన్‌కి చెప్పింది, పాలతనికి చెప్పింది. పాత ఇంటి గుమ్మానికి చెప్పలేదు. ఎవరు ఇల్లు మారినా గుమ్మం మీద చెయ్యి పెట్టి కొత్త చిరునామా చెప్పి కదులుతారు. లేకపోతే వస్తువులకు ఎలా తెలుస్తుంది? ఆ రోజు వాన. పరుపులు తడుస్తున్నాయని వ్యాను ఎక్కేసింది.

విషయం విని కటింగ్ మాస్టరు కత్తెర పక్కన పెట్టాడు.

"గుమ్మానికి చెప్పకుండా ఎవరైనా వస్తారా తల్లీ? పో, ముందు పో. ఈ నిక్కర్లు కుట్టేదాకా ఎక్కడికీ నడిచిపోవులే."

పాత ఇంట్లో ఇప్పుడు రిటైరైన రైలు గార్డు ఒక్కడే ఉంటున్నాడు. తలుపు తీస్తూనే డబ్బా మూత అందించాడు. నీలం సాక్సు తన మంచం కిందే పడుకుంటోందని చెప్పాడు. ఇంకేమైనా వచ్చిందా అని అడిగింది. ఆయన పెదాల మీద వేలుంచి వంటింటి వైపు చూపించాడు.

సింకు పైన, గాలిలో, పిచ్చుక గొంతు పాఠం చదువుతోంది.

తల్లి వంటింటి గడప దాకా వెళ్ళింది.

"వచ్చినప్పట్నుంచీ అదే పాఠమమ్మా," అన్నాడు గార్డు. "ఒక మాట దగ్గర ఆగి మళ్ళీ మొదటికొచ్చేది. నిన్న ఉండబట్టలేక ఆ మాట నేనే అందించాను. ఇక ఆగితే ఒట్టు. తీసుకెళ్ళాలా?"

"తీసుకెళ్ళాలి బాబాయిగారూ."

"నాకూ కాస్త తోడుగా ఉండేది," అని ఆయన పక్కకు తప్పుకున్నాడు.

ఆమె సంచీలోంచి మూతలేని డబ్బా తీసి, అందులో ఉన్న తన మధ్యాహ్నం అన్నం ఆయన కంచంలో పెట్టింది. కడిగి తుడిచి, సింకు దగ్గర పట్టుకుని, రోజూ పొద్దున్న పిలిచినట్టే పిలిచింది.

"పిచ్చుకా, బడికి టైమవుతోంది."

పాఠం ఆగింది. డబ్బా బరువెక్కింది. మూత గట్టిగా నొక్కింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం మీద చెయ్యి పెట్టి కొత్త చిరునామా చెప్పింది, వీధి పేరుతో సహా.

బస్సు కిక్కిరిసి ఉంది. ఒళ్ళో గంపతో కూర్చున్నావిడ డబ్బాలో ఏముందని అడిగింది. మా అమ్మాయి గొంతు అని చెప్పగానే లేచి సీటిచ్చింది, కుదుపులకు ఒలికిపోతుందేమోనని.

క్లాసులో పిచ్చుక ఒక్కతే మిగిలింది. టీచరు గోడ గడియారం వైపు చూస్తోంది. తల్లి మూత తీసింది. పిల్ల డబ్బా రెండు చేతులా ఎత్తి, మంచినీళ్ళు తాగినట్టు గటగటా తాగేసి, దగ్గి, పుస్తకం తెరిచింది.

మొదటి వాక్యానికే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. గేటు దాకా వెళ్ళిన పిల్లలు వెనక్కి పరిగెత్తుకొచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నారు. అప్పుడు నవ్వినవాళ్ళూ ఉన్నారు వాళ్ళలో. ఆ మాట వచ్చింది. పిచ్చుక ఆగలేదు, కాస్త ఒత్తి మరీ పలికి దాటేసింది. టీచరు చాలమ్మా అంది. వినిపించుకుంటేగా. ఆ పాఠం అయిపోయింది, పక్క పాఠం మొదలైంది. ఆఖరి గంట ఎప్పుడు కొట్టారో ఎవరికీ వినబడలేదు. టీచరు నవ్వు ఆపుకోలేక, పిచ్చుక పేరు నాలుగో తరగతిలో రాసేసింది.

తల్లి మోకాళ్ళ మీద కూర్చుంది. షాపుకొచ్చే పిల్లలకు కాలరు సరిచూసినట్టే కూతురి మెడ దగ్గర వేలు పెట్టి చూసింది. ఇన్నాళ్ళూ ఒంటిమీద లేని గొంతు. కొలత మారిపోయిందేమోనని ఆమె భయం.

"సరిపోయిందా? పట్టేస్తోందా?"

పిచ్చుక మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"కొంచెం వదులుగానే ఉందమ్మా," అంది, బడి మొత్తానికి వినబడేలా. "పెరుగుతాగా."