మోటారు కాలిపోలేదు

తుపాను వాన మొదలై నాలుగు రోజులైంది. మార్కాపురంలో కామేశ్వరి ఇల్లంతా చెమ్మే. వెనక గదిలో సున్నం ఉబ్బి రాలుతోంది. ఆ గదిలోనే ఆమె అత్త రామతులసమ్మ ఉబ్బసంతో మంచం మీద కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడుతోంది. ఆమెకు చెమ్మ పడదని డాక్టరు చెప్తే, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ నిరుడు కొన్నారు. వాన మొదలైన రోజే అది మొరాయించింది. స్విచ్చి వేస్తే గుయ్యిమంటుంది గానీ లోపల ఫ్యాను తిరగదు. పైపుల మీద మంచు పేరుకుంటుంది.

ఆ రోజే కామేశ్వరి స్విచ్చి వేసి, జాలీలోంచి చీపురుపుల్లతో ఫ్యాను రెక్కను తోసింది. తిరిగింది. ఆపి మళ్లీ వేస్తే కదల్లేదు. చూడడానికి వచ్చిన మెకానిక్ కోటేశ్వర్లుకు ఆ మాటే చెప్పింది.

అతను మిషను చుట్టూ ఒకసారి తిరిగి, "మోటారు కాలిపోయింది వదినా. కొత్తది కొనుక్కోవాల్సిందే" అన్నాడు.

"కాలిపోతే, తోస్తే ఎట్ల తిరిగింది?"

కోటేశ్వర్లు ఆమె భర్త శేషగిరిరావు వైపు చూసి నవ్వాడు. శేషగిరిరావూ నవ్వాడు. "మిషన్ల సంగతి నీకేం తెలుసు?" అని కొత్తదానికి ఆర్డరు పెట్టాడు. వానలకు లారీ రాలేదు. మొగుడి మాట కాదనలేక, అత్త దగ్గు వింటూ కామేశ్వరి మూడు రోజులు పళ్లు నూరుకుంది.

నాలుగో రోజు ఇక ఆగలేదు. బజార్లో మోటార్లకు వైండింగ్ చేసే మగ్దలీనమ్మను పిలిపించింది. మగ్దలీనమ్మ ప్లగ్గు పీకి, వెనక మరలు చూసి ఆగింది. మరల మీద కంపెనీ అంటించిన సీలు చెక్కుచెదరలేదు.

"దీన్ని ఎవురూ ఇప్పనే లేదమ్మా."

కామేశ్వరి చెవులు వేడెక్కాయి.

మగ్దలీనమ్మ మూత తీసి, రెక్కను వేలితో తిప్పి చూసింది. మీటరు పెట్టి చూసి వైండింగ్ బాగుంది, మోటారు కాలలేదంది. ఆఖరుకు చిన్న కెపాసిటర్ ఊడదీసింది. "పోయింది ఇదమ్మా. మోటారుకు మొదటి తోపు ఇచ్చేది ఇదే. నువ్వు పుల్లతో చేసిన పని ఇది చెయ్యాల." వేరేది వేసి స్విచ్చి నొక్కింది. ఫ్యాను ఒక్కసారిగా అందుకుంది.

సాయంత్రానికి లారీ వచ్చింది. కొత్త మిషనుతో ఆటోలో భర్తా, కోటేశ్వర్లూ దిగారు. కామేశ్వరి వాకిట్లో అడ్డం నిలబడింది.

"పెట్టె దించొద్దు. సీలు ఇప్పకుండానే మోటారు కాలిందని ఎట్ల చెప్పినావయ్యా?"

"చూస్తే తెలుస్తది వదినా, అనుభవం..."

"ఏం తెలిసింది? అది లోపల తిరుగుతా ఉంది, పోయి చూడు!"

కోటేశ్వర్లు తిరిగి ఆటో ఎక్కాడు.

"పోనీలే, పనయింది గదా" అన్నాడు శేషగిరిరావు. "వీధంతా వింటా ఉంది."

"విననీండి! వాడు నవ్వితే మీరూ నవ్వినారు." "రేపు మీ అమ్మను ఆస్పత్రికి మీరే తీసుకపోండి. ఇన్ని రోజులు చెమ్మలో ఎందుకు పెట్టినారని డాక్టరు అడిగితే, నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్పండి, మీకేం తెలుసని."

పెట్టెతో సహా ఆటో వెనక్కి తిరిగింది. కామేశ్వరి మొగుడి కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది.